వయసు గట్టిగా చదవరాదు

డబ్బులిచ్చి మరీ ఒళ్ళు నల్లబరుచుకునే వాళ్ళుంటారని షగుఫ్తా రాయచోటిలో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా నమ్మరు. కువైట్‌లోని ఎగైలాలో, ఉమ్ సాలెం గారి లేడీస్ సెలూన్‌లో మాత్రం అందుకోసం వెనక గదిలో ఒక పెట్టె ఉంది. నిలువెత్తు మనిషి పడుకునేంత పొడవు, పైన మూత, లోపల కిందా మీదా నీలం వెలుగు చిమ్మే ట్యూబులైట్లు. బయట ఎండ ఊరికే మండిపోతుంటుంది. ఆ ఎండ తగలకుండా ఏసీ కార్లలో, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు ఈ పెట్టెలో పడుకుని దీనార్లిచ్చి మరీ కాగుతారు. లేచి అద్దంలో చూసుకుని మురిసిపోతారు. అలా వచ్చిన రంగు ఏదయ్యా అంటే, ఇంచుమించు షగుఫ్తా రంగే. ఆ రంగు పోవాలని చిన్నప్పుడు మేనత్త ఆమెకి రుద్దిన శనగపిండితో ఓ పెళ్ళికి సరిపడా బజ్జీలు వేయొచ్చు.

ఆదివారం పొద్దున ఆ పెట్టె అద్దం మీద మందు నీళ్ళు కొట్టి తుడుస్తుంటే వెనక తలుపు దబదబ మోగింది. డ్రైవర్ హన్మాండ్లు. ఆడవాళ్ళ సెలూన్ కాబట్టి అతను గడప దాటకూడదు. అందుకని ఏ సామాను తెచ్చినా బయటే నిలబడి, మొహం గోడవైపు తిప్పుకుని, చేతులు మాత్రం లోపలికి చాపుతాడు. ఈసారి ఆ చేతుల్లో తలుపంత బోర్డు ఉంది.

"ఇగో చెల్లె, పట్టు. జర పైలం, మూలలు ఇరుగుతయ్."

"ఏందన్నా ఇది?"

"నీ లైట్ల పెట్టెది. అండ్ల పండుకుంటే కాన్సరొస్తదని అరబ్బీల, ఇంగ్లీషుల రాసిండ్రట. అచ్చేసినాయన చెప్పిండు. అస్తదని రాసి పెట్టి మళ్ల పండబెడుతరా?"

"చదివి వినిపించి పండబెట్టల్లంట. కొత్త రూలు."

"మంచిగున్నది," అన్నాడు హన్మాండ్లు గోడతో. "మా జగిత్యాల కాడ దినమంత ఎండల నాటేసి నల్లగైతె మనకే కూలి ఇచ్చెటోళ్లు. ఈడ నల్లగైనోళ్లే ఎదురు పైసలిస్తున్నరు."

ఆ బోర్డు తగిలించడానికి ఉమ్ సాలెంకి పూట పట్టింది. ఆవిడ సెలూన్ యజమానురాలు, షగుఫ్తాకి వీసా ఇచ్చిన కఫీలు కూడా. మంచి మనిషే గానీ ఖర్చన్నా, చెడు వార్తన్నా గిట్టదు. అద్దం పక్కన పెడదామంటే, అందం చూసుకునే చోట కాన్సర్ ఏమిటంది. గల్లా పెట్టె పైన అంటే, డబ్బు తీసే చోట అసలే వద్దంది. పెట్టె ఎదురుగా గోడకి పెట్టమంది. లోపల పడుకున్న వాళ్ళు కళ్ళకి నల్ల గిన్నెలు పెట్టుకుంటారు కదా, ఏమీ కనబడదని ఆవిడ ధైర్యం. తనిఖీకొచ్చిన మేడమ్ బోర్డు గది తలుపు మీదే ఉండాలని చెప్పి వెళ్ళిన సంగతి షగుఫ్తా గుర్తుచేసింది. చివరికి తలుపు మీదే కొట్టారు. దాని ముందు ఒక ప్లాస్టిక్ అరటిచెట్టు తెచ్చి పెట్టారు. ఆకుల సందులోంచి 'మీ ఆరోగ్యం' అన్న మాట మాత్రం కనబడేది.

రూలు పెద్దదేమీ కాదు. పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళని పెట్టెలో పడుకోబెట్టకూడదు. వచ్చిన ప్రతివాళ్ళ కార్డు చూసి వయసు రాసుకోవాలి. హెచ్చరిక వినిపించి సంతకం తీసుకోవాలి. వీటన్నిటికీ ఒక మనిషి బాధ్యురాలిగా ఉండాలి.

"ఎవరు ఉంటారు?" అని ఉమ్ సాలెం తన ముగ్గురు పనివాళ్ళనీ వరసగా నిలబెట్టి అడిగింది. జుట్టు పని చేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి జాయ్‌కి ఇరవై నాలుగు. గోళ్ళ పని చేసే నేపాలీ పిల్లకి ఇరవై రెండు. "షగుఫ్తా ఉంటుంది. ఈ ఇంట్లో పెద్దమనిషి ఆవిడే. ముప్పై ఆరు."

షగుఫ్తా తల దించుకుంది. సిగ్గుపడిందనుకున్నారు. సిగ్గు కాదు. ఆమెకి ఇరవై ఏడు.

ముప్పై నిండని ఆడమనిషిని ఇంటి పనికి కువైట్ పంపరని తేలిన రోజున, రాయచోటి ఏజెంటు చాయ్ తాగినంత సేపట్లో ఆమెకి తొమ్మిదేళ్ళు కలిపేశాడు. పాస్‌పోర్టు ప్రకారం ఆమె అప్పుడే ముప్పై దాటింది. అప్పటి నుంచి ఆ వయసునే ఆమె అద్దెకి తెచ్చుకున్న చీరలా జాగ్రత్తగా కట్టుకు తిరుగుతోంది. పైగా దాని వల్ల ఉమ్ సాలెంకి వ్యాపారం కూడా జరిగింది. "ఈమెకి ముప్పై ఆరంటే నమ్ముతారా? గీత లేదు, ముడత లేదు. మా ఇండియన్ ఫేషియల్!" అని వచ్చిన ప్రతివాళ్ళకీ షగుఫ్తా గడ్డం పట్టి వెలుతురుకి తిప్పి చూపించేది. చూసిన వాళ్ళు వెంటనే ఫేషియల్ రాయించుకునేవాళ్ళు. అందులో ఉండేది పసుపూ పెరుగూనే. మిగతాదంతా ఏజెంటు మహిమ.

"బాధ్యురాలివి అయితే నిన్ను షాపు వీసాకి మార్చాలి," అంది ఉమ్ సాలెం. "కాగితాలు తయారవుతున్నాయి. ఈ వారం సంతకం పెడతాను. యల్లా, ఇక పనిలోకి."

ఇప్పటిదాకా షగుఫ్తాది ఇంటి పని వీసా. పొద్దున ఉమ్ సాలెం ఇంట్లో చాకిరీ, మధ్యాహ్నం నుంచి సెలూన్లో చాకిరీ, రాత్రి మళ్ళీ ఇల్లు. తనిఖీ వాళ్ళు వస్తే పాంట్రీలో కెటిల్ పక్కన ఊపిరి బిగబట్టి కూర్చోవడం. షాపు వీసా వస్తే డ్యూటీ అయ్యాక బయటికి నడవచ్చు. మహబూలాలో రేహానా ఆపా వాళ్ళ గదిలో కిటికీ పక్కన ఒక మంచం ఖాళీగా ఉంది. దాని మీద పడుకున్నాక "షగుఫ్తా, చాయ్" అని ఎవరూ పిలవరు. ఆమెకి కావలసింది అంతే. ఆ మంచం తప్ప ఈ వారం ఆమె వేరే ఏదీ ఆలోచించలేదు.

ఇక బాధ్యత ఎలా నిర్వహించిందని అడిగితే, అదిరిపోయేలా నిర్వహించింది.

బోర్డు మీద అరబ్బీ ఆమె చదవలేదు. జాయ్ ఇంగ్లీషులో చదివి అర్థం చెప్పింది. దాన్ని షగుఫ్తా తన వంటింటి అరబ్బీలోకి దించుకుంది. కస్టమరు చెప్పులు విప్పి గదిలోకి రాగానే, కళ్ళ గిన్నెల ట్రే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేయి ఎత్తి మొదలుపెట్టేది. "మామా, ఈ లైటు మూ జైన్. మంచిది కాదు. చర్మం కాలుద్ది. కళ్ళు పోతాయి. కడుపుతో ఉంటే వద్దు. మందులు మింగుతుంటే వద్దు. కాన్సర్ వస్తాది. బాదేన్, అజూజ్!" మామా అంటే అక్కడ అమ్మగారు. తరవాత ముసలిదానివైపోతావు అని ఆ చివరి మాటకి అర్థం. ఆ మాట దగ్గర నడుం వంచి, లేని కర్ర పట్టుకుని రెండడుగులు నడిచి చూపించేది. కాన్సర్‌కి బెదరని వాళ్ళు కూడా ఆ రెండడుగులకి బెదిరేవాళ్ళు. ఒకావిడ సంతకం పెట్టబోయి ఆగి, "ఎనిమిది నిమిషాలు కాదు, ఐదు చాలు" అంది. ఇంకొకావిడ పెట్టె మానేసి ఫేషియల్ చేయించుకుని పోయింది.

సోమవారం సాయంత్రం పళ్ళకి తీగెలు కట్టించుకున్న పిల్ల ఒకతె వచ్చింది. మోచేతి దగ్గర ఇంకు మరక ఉంది. తనకి ఇరవై అంది. కార్డు ఇంట్లో మరిచిపోయిందట.

"ఏ సంవత్సరం పుట్టావు?" అని షగుఫ్తా అడిగింది.

ఆ పిల్ల పైకి చూసింది. పెదాలు కదిలాయి. ఇరవైని వెనక్కి లెక్కపెడుతోందని షగుఫ్తాకి అర్థమైపోయింది. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు కౌంటరు ముందు తనూ సరిగ్గా అలాగే పైకి చూసింది. అక్కడ పైన ఫ్యాను కూడా లేదు.

"పోయి కార్డు తీసుకురా బంగారూ," అంది నవ్వాపుకుంటూ. ఆ పిల్ల కాలు నేలకేసి కొట్టి, బయట కారులో ఉన్న తల్లిని పంపింది. ఆ తల్లి వచ్చి చిందులు వేసింది. షగుఫ్తా అరటి ఆకులు పక్కకి తొలగించి బోర్డు చూపించింది. ఆవిడ అంతా చదివి, ఏమీ అనకుండా కూతురి రెక్క పట్టుకుని తీసుకెళ్ళిపోయింది. ఉమ్ సాలెం కూడా ఆ పూట మెచ్చుకుంది. బాధ్యత అంటే ఇంత రుచిగా ఉంటుందని షగుఫ్తాకి తెలియదు.

అందులో ఆమెకి మరీ నచ్చిన భాగం కార్డు చదవడం. ఏజెంటు ఆఫీసులో, మెడికల్లో, ఎయిర్‌పోర్టులో, ఇక్కడ వేలిముద్రల దగ్గర, ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరు ఆమె పేరూ వయసూ గట్టిగా అరిచాకే తలుపు తెరుచుకుంది. వరసలో ఉన్న అందరూ వినాలి. అప్పుడే అది సర్కారు పని. ఇప్పుడు అరిచే వంతు తనది. కార్డు అందుకుని, చేయి చాచి దూరంగా పట్టుకుని, హాలంతా వినబడేలా పేరూ వయసూ చదివి రాసుకునేది. ఇరవై నాలుగు! ఇరవై తొమ్మిది! మొదట వచ్చిన వాళ్ళందరూ చిన్నవాళ్ళు కావడంతో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

మంగళవారం ఉమ్ జాసిమ్ వచ్చింది.

ఉమ్ జాసిమ్ సెలూన్‌కి పాత కస్టమరు, పెద్ద కస్టమరు. గురువారం వాళ్ళింట్లో పెళ్ళి. పెళ్ళికూతురు ఆవిడ ఆడబిడ్డ ఉమ్ నాసర్ కూతురు. ఇంటి ఆడవాళ్ళందరి తలలూ గోళ్ళూ మొహాలూ ఈ సెలూన్‌కే మాట్లాడారు. వదినా ఆడబిడ్డలిద్దరూ ముందుగా వచ్చారు. ఉమ్ నాసర్ హాల్లో సోఫాలో కూర్చుని ఖావా తాగుతోంది. చుట్టూ ఇంకో నలుగురు జుట్టు రంగు కోసం తలలకి రేకులు కట్టించుకుని కూర్చున్నారు.

"కార్డు, మామా."

ఉమ్ జాసిమ్ కార్డు తీసింది. ఇవ్వలేదు, చూపించింది. బొటనవేలు సరిగ్గా పుట్టిన తేదీ మీద ఉంది. కార్డు జారిపోతుందేమోనని అలా పట్టుకుందనుకుంది షగుఫ్తా. మర్యాదగా లాగింది. ఆవిడ వదల్లేదు. షగుఫ్తా ఇంకొంచెం మర్యాదగా, రెండు చేతులతో లాగింది. కార్డు వచ్చింది. ఆమె దాన్ని చేయంత దూరంలో పట్టుకుని, నిండుగా ఊపిరి తీసుకుని, హాలంతా మోగేలా చదివింది.

"నలభై ఆరు!"

జాయ్ చేతిలో హెయిర్ డ్రయర్ ఆగింది.

షగుఫ్తా రాసుకుంటూ, తప్పు పోకూడదని మళ్ళీ చదివింది. "నలభై... ఆరు. సరే కదా మామా?"

సోఫాలో ఉమ్ నాసర్ ఖావా కప్పు చాలా నెమ్మదిగా కింద పెట్టింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఉమ్ జాసిమ్ ఈ ఆడబిడ్డ కంటే రెండేళ్ళు చిన్నదాన్నని చెబుతోంది. ఆ రెండేళ్ళ చిన్నతనంతోనే పండక్కి పెద్దమనిషిలా ఆవిడ చేత ముందుగా పలకరింపులు చేయించుకోకుండా తప్పించుకుంది, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడే వాళ్ళ పక్కన కూర్చోకుండా తప్పించుకుంది.

"మాషా అల్లా," అంది ఉమ్ నాసర్, తేనె కారేలా. "నాకు నలభై మూడే. ఇన్నాళ్ళూ నిన్ను పేరు పెట్టి పిలిచాను. తప్పయిపోయింది, అక్కా."

తలకి రేకులున్న నలుగురూ నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు. ఉమ్ జాసిమ్ ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి సెలూన్ కాగితం చెప్పుతోనే బయటికి నడిచింది. గుమ్మం దగ్గర ఆగి ఉమ్ సాలెంతో ఒక్క మాటే అంది. "పెళ్ళి పనికి వేరే సెలూన్ చూసుకుంటాం."

ఆ సాయంత్రం ఉమ్ సాలెం గొంతు పక్క వీధిలో హన్మాండ్లుకి కూడా వినబడింది. "చదవమన్నాను. మసీదు మైకులా చదవమన్నానా? నిన్ను చూడమన్నది చిన్నపిల్లల్ని. నువ్వు పెద్దవాళ్ళని పట్టుకున్నావు!" చేతిసంచీలోంచి కవరు తీసి చూపించింది. "ఇదిగో నీ వీసా కాగితం. ఉమ్ జాసిమ్ మళ్ళీ వచ్చి ఆ కుర్చీలో కూర్చునే దాకా దీని మీద సంతకం లేదు. ఖలాస్."

తరవాత ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో 'వయసు గట్టిగా చదవరాదు' అని రాయించి పెట్టె గదిలో అతికించింది. ఆ సెలూన్లో అడ్డంగా ఏ చెట్టూ లేకుండా పూర్తిగా కనబడే నోటీసు అదొక్కటే.

షగుఫ్తా పాంట్రీలో కెటిల్ పక్కన కూర్చుని రేహానాకి ఫోన్ చేసింది. రేహానాది కడప. మహబూలాలో ఆ గది అద్దె వ్యవహారాలన్నీ ఆమే చూస్తుంది.

"అంత గట్టిగా ఏంటికి చదివినావు మే?" అంది రేహానా.

"మరి అట్లనే గదా ఆపా చదివేది? మన వయసులు ఎవురు మెల్లగా చదివినారు?"

"అది నిజమేలే. కానీ వాళ్ళు మనం గాదు గదా. సరే, మంచం మాటేంది? కమలాపురం పిల్ల ఒకతి అడగతాండాది. నీ కోసరం ఆపి పెట్టినా."

"రెండు దినాలు ఆపు ఆపా, నీ కాళ్ళు పట్టుకుంటా." షగుఫ్తా ఫోను రెండో చెవికి మార్చుకుంది. "ఆ యమ్మ తిరిగి రాకుంటే నేను ఈ కెటిల్ కాడనే ముసిల్దాన్నయిపోతా."

రేహానా ఉపాయం చెప్పింది. "కార్డు తప్పని చెప్పరాదా? కార్డులో రాసిందంతా నిజమా ఏంది? నా కార్డు లెక్కన మా యమ్మ నన్ను పదకొండేళ్ళకే కనింది. ఎవురైనా అడిగినారా?"

"వాళ్ళకు ఆస్పత్రిలోనే రాస్తారు ఆపా."

"రాసేది మనుషులే గదా మే. తప్పు పోదా?"

మర్నాడు ఉమ్ సాలెం ఎన్నిసార్లు ఫోన్ చేసిందో, ఏమేమి ఉచితంగా ఇస్తానందో గానీ, మధ్యాహ్నానికి ఉమ్ జాసిమ్ మళ్ళీ వచ్చింది. ఫేషియల్‌కి మాత్రమే వచ్చానంది. వెంట ఉమ్ నాసర్ కూడా వచ్చింది. ఆవిడకి ఫేషియల్ అక్కర్లేదు. నిన్నటి ఆనందం ఇంకా కొంచెం మిగిలి ఉంటే దాని కోసం వచ్చింది. సోఫాలో మంచి చోటు చూసుకుని కూర్చుంది. కుర్చీల్లో ఇంకా ముగ్గురు ఉన్నారు.

ఉమ్ సాలెం కళ్ళతో సైగ చేసింది. షగుఫ్తా ముందుకొచ్చి చేతులు కట్టుకుని, నేర్పించిన ముక్క అప్పజెప్పింది. "మామా, మాఫ్ చేయండి. నిన్న నేను తప్పు చదివాను."

"తప్పెలా చదివావు?" అంది ఉమ్ నాసర్. "రెండుసార్లు చదివావు. రాసుకున్నావు కూడా. ఆ పుస్తకం తీసుకురా చూద్దాం."

పుస్తకం తెస్తే అందులో నలభై ఆరే ఉంటుంది. ఉమ్ జాసిమ్ మొహం పాలిపోయింది. నిన్నటి కోపం ఇవాళ లేదు. పెళ్ళింట్లో వందమంది ముందు తనని అక్కా అని పిలవబోతున్నారన్న భయం ఉంది. ఆ మొహం చూస్తే షగుఫ్తాకి నిజంగానే జాలేసింది. వయసు విషయంలో దొరికిపోతామేమోనన్న భయం ఆమెకి కొత్త కాదు. ఆరేళ్ళుగా రోజూ దాన్ని పక్కలో వేసుకునే పడుకుంటోంది. ఆ జాలిలో వీసా సంగతి కూడా ఒక్క క్షణం మరిచిపోయింది.

"చదివింది తప్పు కాదు మామా," అంది. "కార్డు తప్పు. కార్డులు తప్పు రాస్తారు. నాది చూడండి." మెడలో తాడుకి వేలాడే కార్డు తీసి ఉమ్ నాసర్ ఒళ్ళో పెట్టింది. "ముప్పై ఆరు అని ఉంది. తప్పు. నాకు ఇరవై ఏడే."

షగుఫ్తాకి తన గొంతే వింతగా వినిపించింది. ఆ అంకెని ఆమె ఈ దేశంలో పైకి అనడం ఇదే మొదటిసారి. ఏడుపూ, తేలికదనమూ రెండూ ఒక్కసారే వచ్చాయి. ఇప్పుడు తలుపు తోసుకుని పోలీసులొచ్చినా, విమానం ఎక్కించినా, ఒకసారి నిజం చెప్పేసింది కదా అనిపించింది. గోడకి ఆనుకుని నిలబడిన ఉమ్ సాలెం వైపు చూడలేకపోయింది.

ముందు ఉమ్ నాసర్ నవ్వింది. చిన్నగా మొదలుపెట్టి, సోఫా పట్టుకుని, కాటుక కారేలా నవ్వింది. "ఇరవై ఏడట!"

"అల్లా మీద ఒట్టు మామా. ఇరవై ఏడే."

"నాకూ ఇరవై ఏడే!" అంది కుర్చీలో ఒకావిడ, తల మీద రేకులు గలగలలాడుతుండగా. "నా కార్డు కూడా తప్పే!"

"నాదీ తప్పే! నాకు ఇరవై ఐదు!"

"నిజం మామా, మా అమ్మ తోడు, పాస్‌పోర్టులో ఏజెంటు..." అని షగుఫ్తా వివరించబోయింది. ఎంత ఒట్టు పెట్టుకుంటే వాళ్ళకి అంత నవ్వొచ్చింది. నేపాలీ పిల్ల కూడా నవ్వింది. జాయ్ ఆమె భుజం తట్టి, "సరే అక్కా, ఇరవై ఏడు, ఇరవై ఏడు" అని మారాం చేసే పిల్లని ఊరుకోబెట్టినట్టు అంది.

"చూడు," అంది ఉమ్ నాసర్ కళ్ళు తుడుచుకుంటూ. "పాపం పనిమనిషి కూడా మనలాగే. నిజం చెప్పాలంటే నా కార్డులో నలభై మూడు కాదు, నలభై ఐదు. నిన్న నేనూ కొంచెం తగ్గించాను." చెప్పాక ఆవిడకే ఆశ్చర్యమేసి నోరు మూసుకుంది. అప్పటికే ఉమ్ జాసిమ్ విననే విన్నది.

"ఒక్క ఏడాదేనా తేడా!" అంది ఉమ్ జాసిమ్. "దానికి అక్కా అన్నావా నన్ను?" ఇద్దరూ ఒకరి చేతిలో ఒకరు చెయ్యి వేసుకుని మళ్ళీ నవ్వారు. ఉమ్ జాసిమ్ లేచి షగుఫ్తా దగ్గరికొచ్చి బుగ్గ మీద చేయి వేసింది. నిన్నటిదాకా ఆవిడ ఆమెని 'ఏయ్ పిల్లా' అని పిలిచేది.

"మానకు, చెల్లీ," అంది మెల్లగా, ఆడవాళ్ళ రహస్యం చెప్పినట్టు. "అలాగే చెబుతూ ఉండు. నీ వయసులో నేనూ ఇరవై ఏడే అన్నాను."

షగుఫ్తా ఉమ్ నాసర్ దగ్గర్నుంచి తన కార్డు తీసుకుని మళ్ళీ మెడలో వేసుకుంది.

తరవాత అంతా సాఫీగా జరిగిపోయింది. ఉమ్ జాసిమ్ ఫేషియలే కాదు, పెట్టె కూడా కావాలంది. హెచ్చరిక మొత్తం వింది. ముసలమ్మ నడక దగ్గర చప్పట్లు కొట్టి, ఇంకోసారి నడవమంది. షగుఫ్తా నడిచింది. పుస్తకంలో వయసు మెల్లగా, పెదాలు కూడా కదలకుండా రాసుకుంది. టైమరు తిప్పి, మూత దించి, బయట స్టూలు మీద కూర్చుంది. మూత సందులోంచి వచ్చిన నీలం వెలుగు నేల మీద పడుతోంది. గురువారం పెళ్ళి పని మళ్ళీ ఖాయమైంది. వెళుతూ వెళుతూ కుర్చీల్లోని ముగ్గురూ ఇండియన్ ఫేషియల్ రాయించుకున్నారు. ముప్పై ఆరేళ్ళ మనిషి ఇరవై ఏడు అని చెప్పినా నమ్మేలా ఉందంటే, అంతకంటే రుజువేం కావాలన్నారు.

అందరూ పోయాక ఉమ్ సాలెం ఆమెని గల్లా దగ్గరికి పిలిచింది. కవరులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచింది. పెన్ను మూత తీసింది. సంతకం పెట్టే చోట ముల్లు ఆనించి, ఆగింది.

"షగుఫ్తా. వాళ్ళు నవ్వారు, సరే. నాకు చెప్పు. ఇందాక నువ్వన్నది నిజమా? ఈ కాగితం మీద ముప్పై ఆరని ఉంది. అది తప్పయితే నేను సంతకం పెట్టలేను."

షగుఫ్తా కాగితం వైపు చూసింది. అరబ్బీలో తన పేరు, దాని కింద అంకెలు. ఒక్కరు, ఈ దేశం మొత్తంలో ఒక్కరు నిజంగా అడిగారు. అవునంటే మంచం పోతుంది. ఉద్యోగం పోతుంది. బహుశా కువైటే పోతుంది. కాదంటే ఆ తొమ్మిదేళ్ళు పోతాయి. మొదటిసారి వాటిని ఏజెంటు తీసుకున్నాడు. ఈసారి తనే తీసి ఇవ్వాలి. మనిషి ఇరవై ఒకటికీ ముప్పైకీ మధ్య ఏమేం చేస్తుందో ఆమెకి సరిగ్గా తెలియదు. తను ఇంకా ఆ దారి మధ్యలోనే ఉంది.

"కాదు మామా," అంది. "ముప్పై ఆరే."

ఉమ్ సాలెం పెద్దగా నవ్వి బర్రున సంతకం గీకేసింది. ముద్ర గుద్దింది. "నాకు ముందే తెలుసు. మొహం చూస్తే ఎవరైనా మోసపోతారు. నేను మొహం చూడను." పెన్నుతో షగుఫ్తా చేతుల వైపు చూపించింది. "అవి చూస్తే తెలియదూ?"

షగుఫ్తా కూడా చూసింది. ఇన్నాళ్ళూ అందరూ గడ్డం పట్టి తిప్పిందే గానీ, చేతులు చూపించమని ఎవరూ అడగలేదు. క్లోరిన్ నీళ్ళకి వేళ్ళ కొసలు తెల్లగా పొడిబారి ఉన్నాయి. కణుపుల దగ్గర చర్మం మడతలు పడి నల్లబడింది. ఇస్త్రీ పెట్టె మచ్చ ఒకటి, నూనె చిట్లిన మచ్చలు మూడో నాలుగో ఉన్నాయి. మామా తప్పేమీ చెప్పలేదు. అవి ముప్పై ఆరేళ్ళ చేతులే.

బయట హన్మాండ్లు హారను కొట్టాడు. షగుఫ్తా ఆ చేతులు రెండూ చాపి కాగితం అందుకుంది.